అయిదో దెబ్బ

కాశీబుగ్గ బడిలో మృదంగం లేదు,
డెస్కు చెక్కలే.
ఆదితాళం ఎనిమిదీ వేళ్ళకి పట్టుబడ్డాక
మీ సొంతంగా ఒకటి కట్టి తెండి అన్నాను.

సోమవారం హైమ లేచింది,
గోళ్ళ చుట్టూ జీడిపాల నలుపు.
తక తక.
నాలుగు కొట్టి
చెయ్యి గాల్లోనే ఆపేసింది.
మళ్ళీ నాలుగు. మళ్ళీ ఆపు.

"అయిదోది మర్చిపోయావే?"
"మర్చిపోనేదు మాస్టారూ.
అప్పుడు మాయమ్మ పిక్కలోంచి పప్పు తీస్తాది.
కొడితే గుండు బద్దయిపోద్ది,
కూలి కోసేస్తారు."

ఖండం అని బోర్డు మీద రాయబోయి
సుద్దముక్క జేబులో వేసుకున్నాను.

ఈసారి అందరం కలిసి కొట్టాం.
నాలుగు.
బయట పాసింజరు రైలు కూత
ఆ ఖాళీలోంచి వెళ్ళిపోయింది.
మళ్ళీ నాలుగు.
వెనక బెంచీలో తవిటినాయుడొక్కడు
టప్పున అయిదోది వేసేశాడు.

హైమ గిర్రున తిరిగింది:
"బద్ద సేసీసినావ్!"