కుడి చెయ్యి, రెండు కోణాలు

చీటీలో అంతే రాసుంది.
చిత్తూరు పెద్దాసుపత్రి, ఎనిమిదో నంబరు గది,
టోకెన్ నలభై ఒకటి, కుప్పమ్మ,
బంగారుపాళ్యం పక్కన ఏదో పల్లె.
గాజులు తియ్యమంటే
ఎడం చేత్తో, పంటితో, సబ్బు నురగతో
పావుగంట పట్టింది.
వేళ్లు మడతపడవు.

చేతికి ఊపిరి బిగబట్టే పని లేదమ్మా అన్నాను.
అయినా బిగబట్టింది.

పదమూడేళ్ల నొప్పి సామీ,
బెల్లం పెనం కాడ తెడ్డు తిప్పే చెయ్యి.
ఒకాయన వాతమన్నాడు,
ఒకాయన సూదేసి నూటయాభై తీసుకున్నాడు,
మా అత్త పనిదొంగ రోగమనింది,
గానుగ మేస్త్రీ వంత పాడినాడు.
పుత్తూరికి పోతే
కట్టు కట్టే పెద్దాయన నూనె చేత్తో తడిమి తడిమి
'విరగలేదు మే, ఏందో పెరిగుండాది,
నేను కట్టను, నీ దుడ్డు ఎత్తుకో' అన్నాడంట.

ఆ ముసలాయన వేళ్లకి
నా మిషను కన్నా ముందే తెలుసు.
పేరొక్కటే తెలీదు.

తెర మీదికి బొమ్మ వచ్చింది.
ఇరవై రెండేళ్లుగా ఎముకల్ని చూస్తున్నాను,
లారీ కింద నలిగినవి,
మామిడి కొమ్మ మీంచి జారినవి,
మొగుడు విరిచి, మెట్ల మీద పడిందని తోడొచ్చినవి.
ఇట్లాంటిది చూళ్లేదు.
ఎముక అంచు వెంబడి తెల్లగా, చిక్కగా
ఏదో కారి
కారుతూ కారుతూనే గడ్డకట్టింది,
మోచేతి నుంచి బొటనవేలి దాకా
ఒకే గట్టు పట్టుకొని.
చిటికెన వేలి వైపు ఒక్క చుక్క లేదు.

ఎముకల వార్డు కుర్ర డాక్టరు వచ్చి చూసి
గొంతు తగ్గించి ఇంగ్లీషులోకి మారాడు.
ఆసుపత్రిలో గొంతు తగ్గితే
ఏ భాషైనా అందరికీ అర్థమవుతుంది.
కుప్పమ్మ చెప్పులు వెతుక్కుంది.

షమీనా మేడం మాత్రం
టీ గ్లాసు కిటికీలో పెట్టి మరిచిపోయింది.
రెండో చెయ్యి కూడా తియ్యండి.
భుజం తియ్యండి.
పాత ఫిల్ములేమైనా ఉన్నాయేమో అడగండి.

ఉంది. సంచిలోనే ఉంది.
తొమ్మిదేళ్ల నాటిది, మూలలు చెద తిన్నది.
ఇన్ని ఆసుపత్రుల్లో ఎవరూ అడగలేదని
తియ్యలేదంట.

రెండూ పక్కపక్కన పెట్టాం.
తొమ్మిదేళ్లలో ఆ తెలుపు
గోరంత కదిలింది.
'కాన్సరుకి ఇంత ఓపిక ఉండదు' అంది మేడం.

పుస్తకాల్లో దీన్ని
కొవ్వొత్తి పక్కన కారిన మైనం అంటారట.
కుప్పమ్మ తెర దగ్గరికి జరిగి, కళ్లు చికిలించి,
'మైనమేంది, పాకం!
పొంగి పెనం అంచు దాటి కారినాక
ఆరితే ఇట్నే గదా ఉండేది' అంది.
మేడం ఆ మాట రాసుకుంది.

సంపతాదా?
చంపదు.
పోతాదా?
పోదు. నొప్పికి మాత్రలున్నాయి, వేళ్లకి కసరత్తుంది,
కొంత తగ్గొచ్చు.
ఇందులో దేనికి నవ్విందో తెలీదు,
నవ్వింది.

'పేరుండాదా దీనికి?
అయితే రాసియ్యి నాయనా, తెలుగులో, పెద్దచ్చరాలతో.
మా అత్త పోయింది గానీ
మేస్త్రీ ఇంకా ఉండాడు.'

మెలోరియోస్టోసిస్.
మొదటిసారి ఒక అక్షరం జారిపోయింది,
కొట్టేసి కింద మళ్లీ రాశాను.

తీసిన గాజులు తిరిగి ఎక్కలేదు.
వాటిని ఆ చీటీలోనే చుట్టి
రొంటిన దోపుకొని
రెండున్నర బస్సుకి పోయింది.
టోకెన్ నలభై రెండు
అప్పటికే తలుపు తోస్తున్నాడు.