రెండో బ్రేకు

ఇరవై రెండేళ్లు ఎడమ సీట్లో కూచున్న.
నా ముందర స్టీరింగు లేదు, హారను లేదు.
కాలి కింద మాత్రం ఒక బ్రేకు,
మలక్‌పేట మెకానిక్ ఇనుప కడ్డీతో అతికించి ఇచ్చింది.
కారు నెత్తిన ఎర్రటి ‘ఎల్‌’,
దాని పక్కన నా ఫోన్ నంబరు.

నేర్చుకునేటోళ్లకు ఆ బ్రేకు ఉందని తెలుసు,
ఎప్పుడు తొక్కిన్నో తెలియదు.
దిల్‌సుఖ్‌నగర్ల సిటీ బస్సు అడ్డమొస్తది,
బండి ఆగుతది.
"చూసిండ్రా మేడం, ఆపేసిన!" అంటరు.
"మంచిగ ఆపినవు" అంట.
ఆ అబద్ధం కూడా ఫీజులోనే కలిసి ఉంటది.

ఆ పెడలుకు ఒక లెక్కుంది, ఎవ్వరూ రాసిపెట్టలేదు.
ముందే తొక్కితే వాళ్ల కాలు ఎన్నటికీ నేర్వదు.
ఆలస్యమైతే నేర్వడానికి ఎవరూ మిగలరు.
ఆ రెండింటి నడుమ
పోపుల ఆవగింజ చిట్లేంత సేపు.
గంతే నా ఉద్యోగం.

నిన్న తబిత వచ్చింది,
ఐదేళ్ల కింద నా దగ్గర నేర్చుకున్న నర్సు పిల్ల.
"కొత్త కారు మేడం, ఎక్కుండ్రి."
అద్దం వెనక కెమెరా, బంపర్ల రాడారు.
మనం మరిచినా తనంతట తనే ఆగుతదట.
నెలనెలా కట్టే కిస్తీ ఎంతో చెప్పి
"పానం కన్నా ఎక్కువనా" అన్నది.

గీతలు చూసి నడుస్తదట.
అంబర్‌పేట దాటినంక గీత ఎక్కడ?
మొన్నటి వానకు రోడ్డుతో పాటే పోయింది.
ఆటో ఆయన కుడికాలు బయట పెట్టిండు.
అది ఇండికేటరని మా సందుల కుక్కకు కూడా ఎరుక,
దీనికి తెలియదు, టింగు టింగుమని మొత్తుకున్నది.
కరెంటు స్తంభానికి చిరిగి వేలాడే ఫ్లెక్సీ
గాలికి రోడ్డు మీదికి ఊగితే
దాంట్లో దండం పెడుతున్న లీడరును చూసి
గట్టిగ ఆగింది ఒకసారి.
వెనక బైకాయన తిట్టిన తిట్టు
నాకు తగిలింది, దానికి తగల్లేదు.

నవ్విన.
లోపల కొంచెం సంతోషం కూడా అయింది,
దాచుడెందుకు.

రామంతాపూర్ల, ఆగి ఉన్న నీళ్ల ట్యాంకరు వెనక నుంచి
బడి సంచి ఒకటి ఉరికొచ్చింది.
సంచి కింద పిల్లగాడు.
నా కాలు తొక్కింది.
ఉత్త మ్యాటు.
బండి అప్పటికే ఆగి ఉంది.

తబిత కాలు ఇంకా యాక్సిలరేటరు మీదనే ఉంది.
పిల్లగాడు మా దిక్కన్నా చూడలేదు,
సంచి ఎగేసుకొని పోయిండు.

శానాసేపటికి అడిగింది,
"దీన్ని నమ్మొచ్చు గదా మేడం?"

ఏం చెప్పాలె.
నన్ను నమ్మినప్పుడు
నా మనసు ఎక్కడుందో నువ్వు అడగలేదు.
ఇదే రోడ్డు, ఇంకొంచెం ముందు, అరటిపండ్ల బండి.
స్టీరింగు పట్టింది నీ ముందరి బ్యాచి పిల్లగాడు.
నేను లెక్కేసుకుంటున్న: సిలిండరు, కిరాయి, చీటీ.
చీటీ కాడికొచ్చేసరికి
కాలు ఆవగింజంత ఆలస్యమైంది.
పండ్లు దొర్లినయి.
చక్రం లింబాద్రి మడమ మీదికెళ్లి పోయింది.
ఠాణాల ఆ పిల్లగాని పేరు రాసుకున్నరు.
నేను ఊకున్న.

దీనికి చీటీ లేదు, కిరాయి లేదు.
ఊకునే అవసరమూ లేదు.
ఫ్లెక్సీకి బెదిరినందుకు సిగ్గు లేదు,
పిల్లగాన్ని తలుచుకొని
అర్ధరాత్రి లేచి నీళ్లు తాగదు.

"నమ్ము" అన్న. "కానీ కాలు బ్రేకు మీదికి తెచ్చుకో."
"అప్పుడూ ఇదే అన్నరు" అన్నది తబిత, తెచ్చుకుంటూ.

ఉప్పల్ రింగు కాడ దిగిన.
లింబాద్రి బండి అక్కడనే.
డజను తీసుకుంటే పదమూడోది కొసరు,
ఎప్పటి లెక్కనే.
ఆనాడు ఎడమ సీట్ల ఎవరున్నరో
ఆయన చూడలేదు.
కవరు పట్టుకొని మెట్రో మెట్ల దాకా నడిచిన.
కుడి పిక్క పట్టేసింది,
ఇంకా వదల్లేదు.