మోకాలి లోతు

మే ముప్పయ్యొకటితో ఒప్పందం తీరింది.
ఇప్పుడు నేను ఫ్రీ ఏజెంటునట.
ఫ్రీ అంటే మా రాయచోటి సంతలో
రెండు కొంటే ఊరికే వచ్చే మూడో సబ్బు.
ఇక్కడ మాత్రం నా వెల
గంటగంటకీ పెరుగుతోంది.

హాతిమ్ గొంతు ఫోన్లో
బెల్లప్పాకంలా సాగుతుంది:
"కేశూ, ఎడారి నడుమ కొత్త క్లబ్బు.
ఇప్పుడొచ్చేదానికి మూడింతలు. రెండేళ్లు.
కారు వాళ్లదే, ఇల్లు వాళ్లదే.
అర్ధరాత్రి దాకా టైముంది."

నేను లిఫ్టర్ని.
పదిహేడేళ్లుగా నా పనల్లా
వచ్చిన బంతిని వేళ్ల కొసలతో లేపి
ఎవరు కొట్టాలో తేల్చడం.
రెప్పపాటు పట్టదు. పట్టుకుంటే ఫౌలు.
అలాంటిది ఈ ఒక్క కాగితాన్ని
పొద్దున్నించీ పట్టుకునే ఉన్నాను,
విజిల్ వేసేవాడు లేక.

ముహరక్‌లో మాది మూడో అంతస్తు.
కింద హల్వా బట్టీ.
కుంకుమపువ్వు వాసన మాకంటే ముందే మెట్లెక్కి
తలుపు దగ్గర నిలబడి ఉంటుంది.
వీధి చివర సముద్రం.
ఆటకి ఒక్క కొమ్ము తగిలిస్తే ఆటు.
నీళ్లు వెనక్కి నడిచి
బోట్లను బురదమీద కూర్చోబెట్టే వేళ
నేను మోకాలి లోతులో నడుస్తాను.
మెట్టు మెట్టుకీ బొరుగుల్లా పటపటలాడే ఎడమ మోకాలు
అక్కడ నోరు మూసుకుంటుంది.
గట్టుమీద హంసిని నా అడుగులు లెక్కపెడుతుంది,
వాహద్, ఇత్నేన్, తలాతా,
తెలుగులో పది దాటితే తడబడే పిల్ల.

ల్యాబులో రాత్రి డ్యూటీ దిగి వచ్చి
పద్మలత మందుల బిల్లు వెనక లెక్క వేసింది.
"మూడింతలన్నారు సరే,
మోకాలి జీతమెంతో అడిగావా?"
నొప్పికి సూది. వాపుకి ఇంకో సూది.
తను మానుకోవాల్సిన ఉద్యోగం.
పాప మళ్లీ మొదటినించీ
స్నేహితుల్ని వెతుక్కునే ఏడాది.
ఆ గడిలో అంకె వెయ్యలేక
పెన్నుకి మూత పెట్టింది.
కాసేపాగి తనే అంది:
"అయినా డబ్బు డబ్బే. నీకు ముప్పై మూడు.
ముప్పై ఆరో ఏట ఎవరు పిలుస్తారు?
మామీద పెట్టి మాత్రం మానుకోకు."

ట్యునీషియా నిజార్ నిరుడు అక్కడికే వెళ్లాడు.
మొదటి నెల తెల్లకారు ఫొటో.
రెండో నెల గోడంత టీవీ.
ఐదో నెల రాత్రి రెండింటికి ఫోన్ చేసి
"అక్కడ గాలి ఎటు వీస్తోంది?" అన్నాడు.
కిటికీ తెరిచి చూసి చెప్పాను,
ఉత్తరంనించి, కొంచెం ఉప్పగా.
ఫోన్ పెట్టెయ్యలేదు.
చాలాసేపు అలా
నా కిటికీని వింటూ ఉండిపోయాడు.

పదకొండున్నరకి హాతిమ్‌ని ఒక్కటే అడిగాను,
"సముద్రం ఎంత దూరం?"
"నాలుగ్గంటలు. కానీ కేశూ, స్విమ్మింగ్ పూలుంది!"
పూలుంటుంది.
దానికి ఆటూ పోటూ ఉండవు.

మర్నాడు పాత క్లబ్బు ఆఫీసులో అబూ సల్మాన్
పాత జీతానికి పదిహేను దీనార్లు కలిపి
దానం చేసినవాడిలా చూశాడు.
చివరి పేజీలో నా చేత్తో ఒక వాక్యం చేర్చాను:
శుక్రవారం ప్రాక్టీసు లేదు.
కొట్టేశాడు.
నా ఎడమకాలి కట్టు వంక చూశాడు.
కొట్టేసిన దానిమీదే మళ్లీ రాశాడు.

గొప్ప పని చేశానని అనుకోను.
ఒకటో తారీకున బ్యాంకుకి రాని ఆ తేడా
తిన్నగా ఇంటికే వస్తుంది.
మా మూడు కంచాల మధ్య కూర్చుంటుంది.
అన్నం అడగదు, లేచి పోదు.
ఈ సాయంత్రం నీళ్లలో దిగితే
అదీ నా వెంటే దిగింది.
ఇప్పటికైతే
దానికీ మోకాలి లోతే.