ఒకటి వస్తాంది, ఒకటి పోతాంది

ఆదోనిలో, ఎమ్మిగనూరు రోడ్డు మీద,
జిన్నింగు మిల్లు గోడకానుకోని నా షెడ్డు.
బోర్డు మీద సీటు కవర్లని ఉంటాది గానీ
కుట్టడం మానేసి మూడేండ్లాయ.
ఇప్పుడంతా తీగల పనే.

పత్తి అమ్మిన మర్నాడే వచ్చినాడు ఉరుకుందు.
బొలెరో వెనక, గోనెపట్టల మీద,
పన్నెండంగుళాల సబ్బులు రెండు.
(ఒళ్లు రుద్దుకునేవి కాదు,
మా ఇంట్లో ఆమె ఇప్పటికీ నవ్వుతాది.)
ఒక్కోదాని కడుపులో రెండు కాయిళ్లు,
కాయిలుకు నాలుగు ఓములు.
ఆంప్లిఫయరు మాత్రం ఎవరో వాడి వదిలేసింది,
రెండు ఓముల కిందికి దిగితే
ఒప్పుకోదు.

"అన్నీ ఒకచోట కలిపెయ్ లాలెప్పన్నా,
పత్తికొండ దాకా అదరాల."

బీడీకట్ట కాగితం చింపి గీసి చూపిచ్చినా.
నాలుగు కాయిళ్లూ పక్కపక్కన కడితే
మిగిలేది ఒక్క ఓము.
కాలువకు నాలుగు తూములూ ఒకేసారి ఎత్తినట్ల.
పావుగంటకు ఎర్రలైటు,
ఆమీట వాసన.
ఆ వాసన నాకు తెలుసు.
ఆలూరోళ్ల జీపుకు ఈ చేతుల్తోనే కాల్చి
మూడు నెలలు వడ్డీ కట్టినా.

"ఒక్కోదాంట్లో రెండు కాయిళ్లూ
ఒకదాని తోక ఇంకోదాని నోట్లో పెడితే ఎనిమిది.
ఆ ఎనిమిదీ ఈ ఎనిమిదీ జోడు కడితే
నాలుగు.
చల్లగా పాడుతాది."

"నాలుగా? రెండు చెయ్యరాదా?"

"రెండు కావాలంటే ఒకదాన్ని ఇంటికి ఎత్తకపో.
ఓములు బేరానికి రావప్పా.
పవరు సగమైతే సప్పుడు సగం కాదు,
చెవికి పిసరంత."

నమ్మలేదు. కూర్చున్నాడు.

పొద్దుగూకేలోపల కట్టేసినా.
మీటరు పెడితే మూడున్నర.
మూడున్నరంటే నాలుగే,
తీగ నిద్రలో ఉన్నప్పటి లెక్క అది.

పాట పెడితిమి.
గొంతులొచ్చినాయి, తాళాలొచ్చినాయి,
కింద ఏమీ లేదు.
అడుగు ఊడిన కడవలో నీళ్లు పోసినట్ల.
ఫ్యూజు చూసినా. వైరు మార్చినా.
గెయిన్ తిప్పి తిప్పి వేలు నొచ్చె.
మళ్లా మీటరు,
మళ్లా అదే మూడున్నర,
నా తప్పేం లేదన్నట్ల.
ఉరుకుందు ఫోను తీసి
ఇంకో షెడ్డోని నంబరు వెతుకుతాండాడు.

మా నాయన టీ గ్లాసులు తెచ్చినాడు అప్పుడే.
దూదేకుల పక్కీరప్ప,
విల్లు భుజానేసుకోని ఊరూరా పరుపులేకినోడు.
నలభై ఏండ్లు ఆ నరం పక్కనే ఉన్న చెవి
ఇప్పుడు పిలిచినా పలకదు.
గ్లాసులు కింద పెట్టి
రెండు సబ్బుల మీద రెండు చేతులు పెట్టినాడు,
పరుపులో ముద్దలు వెతికినట్ల,
కండ్లు మూసుకోని.

"ఒకటి వస్తాంది,
ఒకటి పోతాంది" అన్నాడు.

టార్చి ఏసి చూస్తి.
ఎడమదానికి ఎర్రతీగ నలుపులో, నల్లతీగ ఎరుపులో.
నేనే కట్టినా, ఈ పొద్దే, టీవీ చూసుకుంటా.
ఇది గాలిని తోస్తాంటే అది గుంజుకుంటాంది,
నడిమధ్య ఏమీ మిగల్లా.
మీటరుకేం తెలుసు పాపం,
ఎంత అడ్డం నిలబడిందో చెప్తాది,
ఎటు తోస్తాందో చెప్పదు.

తీగలు మార్చి పాట పెడితే
షెడ్డు రేకు ఒక్కసారి దగ్గింది.
ఏండ్లుగా దూలాలకు పట్టిన పత్తినూగు
అంతా రాలె,
ఉరుకుందు తలమీద, టీ గ్లాసుల్లో,
నాయన రెప్పల మీద.

నాయన చెయ్యి తియ్యలా.
చెవి దగ్గర నోరు పెట్టి అడిగినా,
ఎట్ల కనుక్కుంటివని.

"నువ్వు బడి మానేసి నా పక్కన ఏకినావే,
నేను కొట్టినప్పుడు నువ్వు లేపుతాంటివి.
దూది ఆడిదాడనే ఉండె.
నీ చెయ్యేరా ఇది."

పాట ఆపినా ఆయన చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

ఉరుకుందు ఐదొందలు తక్కువిచ్చి పోయినాడు.