సాధారణ గాంధారం

డులూత్‌లో ఏప్రిల్ అంటే ఇంకా మంచే.
హాకీ రింకులో ఐసు కరిగించి, బల్లలు పరిచి
రేడియో పిచ్చివాళ్ళు పాత ఇనుము అమ్ముకునే శనివారం
మార్లిస్ హాగన్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను.
పుట్టిన బిడ్డంత బరువు.
మూసేసిన చర్చి ఆర్గన్‌లోంచి ఊడదీసిందట వాళ్ళాయన.
ఇరవై డాలర్లు. బేరమాడితే పద్దెనిమిది.
కొసరుగా ఓ చుట్టల పెట్టె, నిండా వాల్వులు.
ఒక్కో అట్ట మీద పెన్సిల్‌తో పోయినాయన తీర్పు:
మంచిది. పరవాలేదు. ముసలిది, మర్యాదస్థురాలు.
ఒకదాని మీద మాత్రం
సణుగుతుంది, పారేయకు.

నేలమాళిగలో వాషింగ్ మెషీన్ పక్కన నా బల్ల.
రెసిస్టర్లు ఒలకబోసుకుని చారలు చదువుతాను.
గోధుమ, నలుపు, పసుపు: లక్ష.
పసుపు, ఊదా, పసుపు: నాలుగు లక్షల డెబ్భై వేలు.
ఈ దేశంలో నేను లక్షల్లో లెక్కపెట్టేది ఇక్కడొక్కచోటే,
అదీ బియ్యపుగింజంత సైజులో.

మెటల్ ఫిల్మ్‌వి బుద్ధిమంతులు, నోరెత్తవు.
పాత కార్బన్‌వి పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు చుయ్‌మంటాయి.
అంతటా బుద్ధిమంతుల్నే కూర్చోబెట్టి
మొదటి వాల్వు ప్లేటు దగ్గర ఒక్క కార్బన్ పెట్టాను.
ఎందుకంటే చెప్పలేను.
పప్పులో ఇంగువ ఎందుకంటే మాత్రం ఏం చెబుతాం?

కెపాసిటర్లతో హాస్యం వద్దు.
ప్లగ్గు పీకేసినా మూడొందల ముప్పై వోల్టులు
పాత పగలా కడుపులో పెట్టుకుని కూర్చుంటాయి.
ఎడంచెయ్యి జేబులో ఉంచి
కుడిచేత్తో మాత్రమే ముట్టుకోవాలి.
ఒక్కసారి మర్చిపోయాను.
మోచేతి దాకా ఎవరో పేరుపెట్టి పిలిచినట్టయింది.
ఆ రాత్రి డయాలిసిస్ వార్డులో డ్యూటీ.
చెయ్యి వణకడం లేదని అందరికీ చెప్పాను.
కాఫీ ఒలికింది.

హీటరు తీగల్ని బిగించి జడ అల్లాను,
బడికెళ్ళే పిల్లకి అల్లినట్టు, ఒక్క పాయా జారకుండా.
ఆదివారం స్విచ్చి వేస్తే
ముందు వేడెక్కిన దుమ్ము వాసన,
తర్వాత గాజు అడుగున నారింజరంగు నిప్పుకణిక,
తర్వాత, గిటారు తగిలించకముందే,
ఝుమ్మ్‌మ్.

గ్రౌండు మార్చాను. తీగలు జరిపాను.
చైనా హోటల్లో ఇచ్చిన చెక్కపుల్లతో ఒక్కో అతుకునీ పొడిచి చూశాను.
సగమైంది. పోలేదు.
విసుగొచ్చి, పోనీ నువ్వే నా తంబురా అనుకుని
దాని మీద సా పట్టబోయాను.
గొంతు నిలవలేదు. పదే పదే కిందికే జారింది,
అలవాటైన మెట్టు వెతుక్కుంటున్నట్టు.

అప్పుడు లెక్క తట్టింది.
చీరాలలో మా మేడ పక్క స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌కి
సెకనుకి యాభై ఊగులు.
ఇక్కడ అరవై.
యాభైని షడ్జమం చేసుకుంటే అరవై
వెంట్రుకవాసి తేడా లేకుండా సాధారణ గాంధారం.
ఆ స్వరం పట్టలేదనే కోటసుందరమ్మ టీచరు
రెండేళ్ళు నా చెవి మెలిపెట్టింది.
పంతొమ్మిదేళ్ళుగా ఫ్రిజ్జూ, వార్డు దీపాలూ, లిఫ్టు మోటారూ
పగలూ రాత్రీ దాన్నే సాధకం చేస్తున్నాయి.
నేను పోల్చుకోనేలేదు.

బుధవారం మార్లిస్ వచ్చింది, నిమ్మకాయ కేకుముక్కలు పట్టుకుని.
వచ్చిన మూడు కార్డులూ వాయించాను.
సణిగే వాల్వు పెట్టి మళ్ళీ అవే మూడు.
గొంతు కాస్త బొంగురుపోయింది, బాగుంది.
"వాయించడం ఆపు ఒక్క నిమిషం," అంది.
తీగల మీద అరచెయ్యి ఆనించాను.
బోర్లించిన బకెట్ మీద కూర్చుని
ఆవిడ మిగిలిన ఝుంకారం విన్నది,
సర్వీసు మొదలవకముందు బెంచీ మీద కూర్చున్నదానిలా.
"ఇరవై ఏళ్ళు ఇదే," అంది.
ఇంకేం అనలేదు. కేకుల్లో ఉప్పు కాస్త ఎక్కువైంది.

ఆవిడ కారు వీధి మలుపు తిరిగాక
స్విచ్చి తీశాను.
నిప్పుకణిక ఒక్కసారిగా పోదు, తీరుబడిగా పోతుంది.
ఎడంచెయ్యి జేబులో పెట్టుకుని
నిలబడ్డాను.