తడికాళ్లు

అక్టోబరు చివర, డులూత్‌లో
డైసీలు నల్లబడి వాలిపోయాయి.
కంచె అవతల నుంచి ఇంగ్రిడ్ లిండ్‌క్విస్ట్,
ఎనభై రెండేళ్లు, ఎప్పుడూ ఒక చేతికే గ్లవ్,
"పీకకు, నిద్రపోతున్నాయంతే" అంది.

నాకు నమ్మకం కుదరలేదు.
మూడు దుబ్బులు పీకి కంపోస్టు గుట్ట మీదికి విసిరేశాను.
మిగతా నాలుగింటికీ మనసొప్పక
బాలింతకి చేసినట్టు చేశాను:
కింద గడ్డి, మీద ఆకులు, ఆపైన పాత దుప్పటి,
చివరగా ఒక బకెట్టు నీళ్లు.
చెవుల్లో దూది ఒకటే తక్కువ.

మంచు వచ్చింది. మెయిల్‌బాక్సు మునిగింది.
సరస్సు మీది గాలి తలుపు సందుల్లో పిల్లిలా ఏడ్చింది.
మైనస్ ముప్పై రాత్రి
కిటికీ దగ్గర నిలబడి
దుప్పటి ఏ మూలన ఉందో
ఆనవాలు పట్టలేకపోయాను.

మే నెలలో దుప్పటి తీస్తే
కుళ్లిన ఉల్లిపాయ వాసన.
వేలు పెడితే వేరు జారిపోయింది.
"చలి చంపదు వీటిని.
తడికాళ్లతో పడుకోబెట్టావు" అంది ఇంగ్రిడ్.
తిట్టినట్టు లేదు. గ్లవ్ తీసి నాకిచ్చింది.
ఎడమచేతిది.

కంపోస్టు గుట్ట మీద
గుడ్డు పెంకులు, టీపొడి పిప్పి, మునక్కాడ తుక్కు.
వాటి మధ్య తలకిందులుగా పడ్డ దుబ్బొకటి
ఎలాగో పక్కకి ఒత్తిగిలి
చెంచాలంత ఆకులు వేసింది.
మూడింటిలో ఒకటే.

దాన్ని ఎక్కడ నాటాలో ఇంకా తేల్చుకోలేదు.
ప్రస్తుతానికి
చెత్త వేయడానికి వెళ్లినప్పుడల్లా
కాస్త పక్కకి జరిగి వేస్తున్నాను.