గీటురాయి లేని సరుకు

ప్రొద్దుటూరులో ఉండి షేర్లు కొన్నానంటే
నవ్వనోడు లేడు.
ఇది బంగారం ఊరప్పా.
టీ తాగేముందు తులం ధర అడిగి తాగుతారు.
కంసాలి అంగళ్ళ ముందర దుమ్మును కూడా
ఊడ్చి, కడిగి, జల్లించి
బతికేవాళ్ళుండారు.

నేను ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ల లైన్‌మన్‌ని.
రాగితీగ తప్ప ఏ తీగా ఎరగను.
రిటైరైన ఏడాది
జమ్మలమడుగు రోడ్డులో
ప్రైవేటోళ్ళ ఇంటర్నెట్ పనికి దినకూలీకి పోయినా.
అక్కడ పక్కపక్కనే రెండు స్తంభాలు.
ఒకదాని మీద పెద్ద కంపెనీ పెట్టె,
లోకమంతా ఎరిగిన పేరు.
రెండోదాని మీద
మా మేస్త్రీకి కూడా నోరు తిరగని పేరుతో
చిన్న కంపెనీ స్విచ్చి.

మే నెల.
నాపబండ మీద కాలు పెడితే
చర్మం ఆడనే ఉండిపోతాది.
మధ్యాన్నం రెండింటికి పెద్ద పెట్టె ఆరిపోయింది.
చిన్నదాంట్లో రెండు పచ్చ దీపాలు
మిణుకుతానే ఉండాయి.
మూత తీసి చూసినా.
ఫ్యాను లేదు. వేడి పోయేదానికి అల్యూమినియం రెక్కలు,
చీమ దూరకుండా చుట్టూ రబ్బరు అంచు.
ఎవరో, యాడనో కూచుని
మన ఎండను మనసులో పెట్టుకుని చేసిన పని.
నిచ్చెన మీదనే
బీడీకట్ట కాగితం చించి ఆ పేరు రాసుకున్నా.

కింద నగల అంగడి, పైన షేర్ల ఆఫీసు.
చాంద్‌బాషా కంప్యూటర్లో చూసి తల గోక్కున్నాడు.
"మామా, వంద పెట్టెల్లో డెబ్బై ఆ పెద్దోడివే.
వాడొక్కసారి ధర తగ్గించినాడంటే
ఈ పిల్లోడికి ఊపిరాడదు."
నిజమే బాషా.
నువ్వు నిచ్చెన ఎక్కలే గదా, అనుకున్నా.

పెన్న ఎండిపోయిన ఏడాది
చెలమ యాడ తోడాలో
ఇసుక రంగు చూసి చెప్పేవాడు మా నాయన.
ఒక్కోసారి తప్పేవాడు కూడా.
ఆ పొద్దు ఖాళీ బిందెల్తో తిరిగొచ్చేవాళ్ళం,
ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు.

నాగమునెమ్మ గాజులకని దాచిన దుడ్లలో
సగం తీసి
మూడొందల ఇరవై షేర్లు కొన్నా.

దీపావళి దాటకముందే పెద్దోడు ధర తగ్గించినాడు.
బాషా చెప్పినట్టే.
ఏదో టెండర్లో
"పదేళ్ళ అనుభవం తప్పనిసరి" అని ఒక్క వాక్యం,
దాంతోనే చిన్నోడు గడప బయట.
నా కాగితం విలువ సగమైంది.
అదే వారం బంగారం ఎక్కింది.
ఊరంతా మిఠాయి పంచినట్టుండాది.

నాగమునెమ్మ అరవలేదు.
బియ్యం చెరుగుతా చెరుగుతా అడిగింది:
"బంగారమైతే గీటురాయి మీద గీసి చూస్తారు.
దీన్ని దేని మీద గీసినావు?"
"ఎండ మీద" అన్నా.
చేట పక్కన పెట్టింది.
"పద. చూపీ."

మోపెడ్ మీద ఇద్దరం పోయినాం.
పక్క స్తంభానికి కొత్త పెట్టె వచ్చింది,
పేరు ఇంకా పెద్ద అక్షరాల్లో.
మన పెట్టెకు కందిరీగలు గూడు పెట్టినాయి,
దుమ్ముకు రంగే తెలీడం లేదు.
నాగమునెమ్మ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని
చానాసేపు పైకి చూసింది.
"వెలుగుతాండాది."
"ఊఁ."
"ఇది వెలిగితే మనకేమొస్తాది?"
"ఏం రాదు.
వాళ్ళకు ఇంకో వెయ్యి స్తంభాలు దొరికితే వస్తాది.
దొరక్కపోతే పోతాది."

తిరిగొచ్చేటప్పుడు ఒక్కటే మాట అనింది.
"మిగతా సగం ముట్టుకున్నావంటే ఊరుకోను."
ఇంటికొచ్చి నా జేబులోంచి
ఆ బీడీ కాగితం తీసుకుని
గాజుల్లేని గాజుల పెట్టెలో పెట్టి తాళమేసింది.

మొన్న రెండు రూపాయలు పెరిగింది.
నిన్న రూపాయిన్నర దిగింది.
నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.
జమ్మలమడుగు నుంచి పాలు తెచ్చే దస్తగిరిని మాత్రం
పొద్దున్నే గేటు కాడ నిలబెట్టి అడుగుతాది:
"ఏమయ్యా, ఆ రెండో స్తంభం మీద
పచ్చగా ఉండాదా ఈ పొద్దు?"